పదిలపరిచే విద్య

వ్రాయడం ఎంత ముఖ్యమో, వ్రాసినదానిని పదిలపరచడం కూడా అంతే ముఖ్యం. నేటి కంప్యూటర్లలోను, సెల్‌ఫోన్లలోను ఈ పని చాలావరకు మనిషి ప్రమేయం లేకుండానే జరిగిపోతున్నది. ఇంటి కంప్యూటర్లు వాడుకలోకి వచ్చిన తొలినాళ్లలో మాత్రం అది ఓర్పుతో నేర్చుకోవలసిన విద్యగా ఉండేది.

ఇంగ్లండులో క్లైవ్ సింక్లెయిర్ (1940-2021) నెలకొల్పిన సంస్థ 1981 మార్చిలో ‘జడ్‌ఎక్స్ 81’ అనే చిన్న కంప్యూటరును విడుదల చేసింది. దాని వెల సుమారు 70 పౌన్లు. విడిభాగాలు కొని స్వయంగా బిగించుకొనేవారికి అది సుమారు 50 పౌన్లకే లభించేది. వెల తగ్గించడం కోసం తెరనుగాని, నిల్వ సాధనాన్నిగాని యంత్రంతో పాటు ఇవ్వలేదు. ఇంట్లో అదివరకే ఉన్న టెలివిజన్, టేపురికార్డరు ఆ లోటును తీర్చాయి.

కంప్యూటరు నుండి వచ్చే తీగను టీవీకి యాంటెన్నా తగిలించే చోట తగిలిస్తే తెరపై 24 వరుసలు, వరుసకు 32 అక్షరాల చొప్పున కనిపించేవి. ఒకే టీవీ ఉన్న ఇంట్లో పెద్దలు చూసే కార్యక్రమం ముగిసేదాకా పిల్లలు వేచి ఉండవలసి వచ్చేది.

ఆ యంత్రపు జ్ఞాపకశక్తి కేవలం 1 కిలోబైటు, అనగా 1024 బైట్లు. నేటి యూనికోడ్ పద్ధతిలో తెలుగు వ్రాస్తే అంత చోటులో నాలుగైదు వాక్యాలకు మించి పట్టవు. తెర నిండా అక్షరాలు ఉంటే వాటికే 793 బైట్లు ఖర్చయ్యేవి. యంత్రం తన అవసరాలకు మరికొంత వాడుకోగా ప్రోగ్రాముకు మిగిలేది సుమారు 100 బైట్లే. అందువల్ల ప్రోగ్రాములు వ్రాసేవారు ప్రతి అక్షరాన్నీ ఆచితూచి వాడేవారు.

విద్యుత్తు ఆగితే ఈ జ్ఞాపకం పూర్తిగా చెరిగిపోయేది. కాబట్టి ప్రోగ్రామును పాటలు వినే మామూలు క్యాసెట్టులోనే దాచేవారు. కంప్యూటరుకు తెలిసినవి ఒకటి, సున్న అనే రెండు గుర్తులే. సున్నకు నాలుగు, ఒకటికి తొమ్మిది స్పందనల చొప్పున ఆ గుర్తులు ధ్వనిగా మారి టేపులో నమోదయ్యేవి. టేపును తిరిగి వినిపించినప్పుడు యంత్రం ఆ స్పందనలను లెక్కించి ప్రోగ్రామును పునర్నిర్మించుకొనేది. 16 కిలోబైట్లను ఎక్కించడానికి ఆరేడు నిమిషాలు పట్టేది. శబ్దం స్థాయి కొంచెం ఎక్కువైనా, తక్కువైనా శ్రమ వృథాయే.

జ్ఞాపకశక్తిని 16 కిలోబైట్లకు పెంచే ఒక చిన్న పెట్టె విడిగా దొరికేది. యంత్రం వెనుక తగిలించిన ఆ పెట్టె ఏమాత్రం కదిలినా కంప్యూటరు స్తంభించి, గంటల తరబడి టైపు చేసినదంతా క్షణంలో మాయమయ్యేది. కొందరు దానిని జిగురుముద్దతోను, అంటుపట్టీతోను కదలకుండా నిలిపేవారు.

టేపుపై నమోదైనది సరిగా ఉన్నదో లేదో యంత్రంలోని ప్రతితో పోల్చి చూసే ఆజ్ఞ జడ్‌ఎక్స్ 81లో లేదు. 1982లో వెలువడిన ‘స్పెక్ట్రమ్’ కంప్యూటరులో ఆ సదుపాయాన్ని చేర్చారు. అంతవరకు ఒకే ప్రోగ్రామును రెండు మూడుసార్లు నమోదు చేయడం, అది టేపులో ఎక్కడ మొదలవుతుందో కాగితంపై గుర్తు వ్రాసుకోవడం మాత్రమే రక్షణ. పదిలపరచే భారం యంత్రానిది కాదు, మనిషిది.

ఆ భారం నేటికీ తీరలేదు. అయస్కాంతపు పూత కాలక్రమంలో క్షీణిస్తుంది. అందుచేత ఔత్సాహికులు నాటి టేపుల ధ్వనిని నేటి కంప్యూటర్లలోకి ఎక్కించి, పాత యంత్రాన్ని అనుకరించే సాఫ్ట్‌వేరు సాయంతో ఆ ప్రోగ్రాములను మళ్లీ నడుపుతున్నారు. తెలుగువారికి ఇది కొత్త సంగతి కాదు. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ తాళపత్ర గ్రంథాలను సేకరించి, పండితుల చేత పరిష్కరింపజేసి, కొత్త ప్రతులు వ్రాయించాడు. తాటాకైనా, టేపైనా, నేటి సెల్‌ఫోనైనా తనంతట తాను శాశ్వతం కాదు. ప్రతికి ప్రతి ఎత్తి ఉంచే చేయి ఉన్నంతకాలమే అక్షరం నిలుస్తుంది.