మదనపల్లెలో కాపురము పెట్టిన పాదిరి దొరలు

సముద్రములు దాటి మన సీమకు వచ్చిన క్రైస్తవ బోధకులను గూర్చి మనవారు చేసిన ప్రసంగములలో పెక్కు మతవాదములే. వారు ఏమి బోధించిరి, ఎందరికి బాప్తిస్మ మిచ్చిరి, అందు మేలెంత, కీడెంత అను ప్రశ్నల చుట్టే లేఖినులు తిరుగుచుండును. నాకు మాత్రము వేరొక సంగతి రుచించును. భాష రాని ఊరిలో, ఎరిగిన మొగము ఒక్కటియు లేనిచోట దిగిన ఆ దొర మొదటి ఏడాది ఎవరి చేతివంట తినెను, ఏ బావినీరు త్రాగెను, ఎవరి నోట తెలుగు నేర్చెను, ఊరు తనను తనవానిగా ఎప్పుడు ఎంచెను?

చిత్తూరు సీమలో ఇది విచారించుటకు జేకబ్ చేంబర్లేను కంటె తగిన మనుష్యుడు నాకు కనబడడు. 1835లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున జన్మించి, దైవశాస్త్రముతోపాటు వైద్యమును గూడ అభ్యసించిన ఈయన, స్కడర్ సోదరులు 1853లో స్థాపించిన ఆర్కాటు మిషనులో పనిచేయుటకై 1859 డిసెంబరులో భార్యతోకూడ బోస్టను రేవున ఓడ యెక్కి, సూయజు కాలువ ఇంకను తెరువబడని కాలమగుటచే ఆఫ్రికా ఖండమంతయు చుట్టి, మరుసటి ఏప్రిలునకు చెన్నపట్నము చేరెను. చెన్నపట్నమున అప్పటికి ఓడరేవు లేదు. ఓడ దూరమున నిలిచిపోగా జనులు మసూలా పడవలలో కెరటములమీద ఎగిరిపడుచు, బట్టలు తడిసి, ఒడ్డు చేరవలసి యుండెడిది. రాయపురము నుండి వాలాజా వరకు 1856లోనే రైలు పడినది గనుక అంతదూరము సుఖమే. ఆపైన ఎద్దుబండియే గతి. చిత్తూరు దాటి, మొగిలి కనుమ ఎక్కి, పలమనేరు మెట్టభూములను పట్టి పోవు ఆ బాటను నేడు బస్సులో కునుకుతీయుచు పోవువారు ఊహింపజాలరు. 1863లో ఆయన మదనపల్లెలో నివాసమేర్పరచుకొనెను. ఆ ఊరు అప్పుడు కడప జిల్లాలోనిది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు గాని ఇటు చేరలేదు.

మిషను వేళ్లు తమిళసీమలో ఉండుటచే తమిళమును, కనుమపైని జనమునకై తెలుగును ఆయన నేర్చుకొనవలసి వచ్చెను. బ్రౌను దొర నిఘంటువు 1852 నాటికే అచ్చుపడియుండెను. అయినను నిఘంటువు చేతబట్టి సంతకు పోయినవాడు వంకాయల ధర అడుగగలడేమో గాని, దారిలో ముసలవ్వ ఎదురై “యాడికి పోతా ఉండావు సామీ?” అని పలుకరించినప్పుడు నోట మాట రాక నిలిచిపోవును. అందుచేత ప్రతి కొత్త పాదిరికిని మున్షీ కావలసివచ్చెను. తెల్లవారగనే బంగళా వసారాలో కూర్చుండి, గుణింతము మొదలుకొని పద్యములవరకు ఓర్పుతో చెప్పు ఈ మున్షీ నేర్పునది పండితుల తెలుగు. గుర్రపువాడును వంటమనిషియు రోజంతయు మాటలాడునది వేరొక తెలుగు. అంగడివీధిలోని సాయిబుల హిందూస్తానీ ఇంకొకటి. ఇన్నింటి నడుమ నాలుక తిరుగుటకు ఏండ్లు పట్టును. చేంబర్లేనుకు అది ఎంత చక్కగా తిరిగెననగా, తెలుగు బైబిలు సంస్కరణ సంఘమునకు 1873లో ఆయననే అధ్యక్షునిగా చేసిరి. ఆ పని ఇరువదేండ్లు సాగెను.

మిషను బంగళాలు ఊరివెలుపల ఉండుట దొరతనపు అహంకారమని కొందరందురు. అందు కొంత నిజము లేకపోలేదు. కాని ఊరిలో ఇల్లు ఎవరిత్తురు? కులమునకొక వీధి, వీధికొక బావి యున్న ఊరిలో, గోమాంసము తిను పరదేశికి అగ్రహారమున అరుగైనను దొరకదు. మాలపల్లెలో కాపురముండిన యెడల మిగిలిన ఊరు వాకిట అడుగుపెట్టనీయదు. అందుచేత బయట స్థలము సంపాదించి, లోతైన వరండాలతో ఇల్లు కట్టి, సొంతముగా బావి త్రవ్వించుకొనుటయే మార్గమాయెను. ఆ బావి త్రవ్వినవారు, నీళ్లు తోడినవారు, వేసవి మధ్యాహ్నములందు పంకా లాగినవారు అందరును మనవారే.

1896లో వెలువడిన ‘ఇన్ ది టైగర్ జంగిల్’ అను ఆయన గ్రంథమున గుర్రమును గూర్చి ఒక అధ్యాయము కలదు. ఆ గుర్రము, బండికి కట్టగనే కాళ్లు తన్నిపట్టి కదలకుండెడిదట. బుజ్జగించినను కొట్టినను ఫలము లేకపోగా, తుదకు చెవి మొదట సన్నని త్రాడు చుట్టి, చిన్నపుల్లతో మెలిపెట్టి, దాని ధ్యాస చెవిమీదికి మళ్లింపగా, తాను మొండికేసిన సంగతి మరచి పరుగెత్తెడిది. బోధకులు దేనినుండియైనను నీతి పిండుదురు గనుక ఆయన దీనినుండియు పిండెను. నాకు నీతికంటె ఆ గుర్రమే ఇష్టము.

ఊరు ఆయనను అంగీకరించినది బోధవలన కాదు, మందువలన. 1863లోనే దేశీయ సహాయకులను నలుగురిని వెంటబెట్టుకొని, పుస్తకములును ఔషధములును బండ్లకెత్తించి, నైజాము రాజ్యము మీదుగా గోదావరీతీరపు అడవులవరకు పన్నెండువందల మైళ్లు తిరిగి, అడవిజ్వరము తెచ్చుకొని వచ్చిన ఈ వైద్యుని వాకిట, వచ్చిన కొలదికాలమునకే రోగులు మూగసాగిరి. మదనపల్లెలోను పలమనేరులోను మిషను వైద్యశాలలు వెలసెను. ఉదయమున ముందు వాక్యపఠనము, పిమ్మట మందు, ఇది ఆనాటి మిషను వైద్యశాలల పద్ధతి. వాక్యమును మర్యాదకొరకు విని, మందును అవసరముకొరకు పుచ్చుకొని పోయినవారే అధికసంఖ్యాకులు. ఇది బోధకులకు నిరాశ కలిగించియుండును గాని, కొత్తవానిని ఊరు తనలో కలుపుకొను విధానము ఇట్లే ఉండును. 1908 మార్చిలో ఆయన మదనపల్లెలోనే కన్నుమూసెను.

తిరుపతి ప్రాంతపు కథ కొంత భిన్నము. అచ్చటికి వచ్చినవారు జర్మనీలోని హెర్మన్స్‌బర్గు లూథరను మిషనువారు. 1865లో సూళ్లూరుపేటలో అడుగుపెట్టిన మైలియసు వారికి ఆద్యుడు. కొండమీదికి ఐరోపీయులు ఎక్కరాదను ఆచారము చిరకాలము నిలిచిన యాత్రాస్థలమున, యాత్రికుల రాకపోకలమీదనే బ్రతుకు ఊరిలో, వీరికి ఎంత చోటు దొరకియుండునో పాఠకులే ఊహింపవచ్చును. అయినను స్థిరపడిరి. తీర స్థిరపడినాక మొదటి ప్రపంచయుద్ధము వచ్చి, జర్మనులగుటయే నేరమై, నిర్బంధమునకును దేశబహిష్కారమునకును పాలైరి. వారి క్షేత్రములను అమెరికా లూథరనులు చేపట్టిరి. తిరుపతి కేంద్రముగా నేటికిని పనిచేయుచున్న దక్షిణాంధ్ర లూథరన్ సంఘము ఆ వరుసలోనిదే.

మరల మదనపల్లెకు వత్తము. పొడిగాలి, సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన ఎత్తు చూచి, పెక్కు మిషనులు చేయికలిపి 1912లో ఇచ్చట క్షయరోగులకొక వైద్యశాల నారంభించెను. దానికి తొలి అధిపతి డెన్మార్కు వైద్యుడు ఫ్రిమోడ్ట్ మొల్లరు. 1915లో ఊరివెలుపలి స్వస్థలమునకు తరలిన ఆ సంస్థ చుట్టును ఒక ఊరే ఏర్పడి ఆరోగ్యవరమని పేరొందెను. మన దేశమున బి.సి.జి. టీకా 1948లో మొదలైనదియు మదనపల్లెలోనే. ఒక పరదేశి కాపురముండుటకు ఊరు వెదకికొనుట ఒకటి. ఆయన పనిచుట్టు ఊరు పుట్టుట అరుదు.

మనవారును మతబోధ పనిమీద విదేశమునకు పోకపోలేదు. నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టులు 1903లో జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నేటాలునకు పంపిరి. అచ్చటి చెరకుతోటలలోను తేయాకుతోటలలోను ఒప్పందపు కూలీలుగా నున్నవారిలో, చిత్తూరు తాలూకా అప్పుడు ఏ జిల్లాలో నుండెనో ఆ ఉత్తరార్కాటువారు పెక్కండ్రు. కియర్స్‌నీ తేయాకుతోటలో దిగిన రంగయ్యకు మున్షీతో పనిలేకపోయెను. 1915లో మరణించువరకు ఆయన అక్కడనే ఉండెను.

చేంబర్లేనునకు తెలుగు నేర్పిన మున్షీ ఎవరు? గోదావరివరకు వెంట నడచిన ఆ నలుగురు ఎవరు? గుర్రపు చెవికి త్రాడు చుట్టిన చేయి ఎవరిది? దొరల గ్రంథములందు వారు “మున్షీ”, “సహాయకుడు”, “సేవకుడు” అను సామాన్యనామములతోనే తరచుగా కనబడుదురు గాని, వారు లేనిదే ఆ దొర మొదటి వేసవి దాటియుండడని నా దృఢవిశ్వాసము. మదనపల్లె, పలమనేరు, చిత్తూరు, పుత్తూరు, తిరుపతులలో పాత మిషను కాంపౌండుల చెంత పుట్టి పెరిగిన కుటుంబములు ఇంకను కలవు. మీ ఇండ్లలో ముత్తాతల పేరుతో ఉత్తరములో, జీతపు చీటీలో, బాప్తిస్మ పత్రములో ఉన్నచో చెదలపాలు కానీయక వెలికిదీయుడు. పెద్దలనడిగి ఆ పేర్లను, వారు చేసిన పనులను వ్రాసియుంచుడు.