పానా పట్టే ముందు చెవి పెట్టండి

సెకండ్ హ్యాండ్ కారు చూడటానికి వెళ్తే ముందుగా బానెట్ మీద అరచేయి ఆనించండి. నీడలో ఉన్న బండి వెచ్చగా తగిలిందా, ఆ పూట బేరం మాట్లాడొద్దు. మర్నాడు పొద్దున్నే వస్తామనీ, వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దనీ చెప్పి వెనక్కి వచ్చేయండి. రాత్రంతా కదలకుండా ఉన్న ఇంజిన్ సెల్ఫ్ కొట్టిన తొలి అర నిమిషంలో చేసే చప్పుడు చాలా సంగతులు చెబుతుంది. కాసేపు తిరిగాక ఆయిల్ అన్ని మూలలకూ చేరుతుంది, లోహం వ్యాకోచించి సందులు మూసుకుంటాయి, సగం జబ్బులు బయటికి వినపడవు. అమ్మేవాళ్లలో కొందరు మీరు రాకముందే బండిని నాలుగు వీధులు తిప్పి ఉంచేది అందుకే.

కొనేవాళ్లలో చాలామంది రంగు చూస్తారు, టైర్లు చూస్తారు, ఏసీ వేసి చూస్తారు. మీటరు తిప్పారేమోనని అనుమానపడతారు. బండి ఇంటికి చేరాక ఒక పొద్దున కొత్త మోత వినిపిస్తుంది. జేబుకు పెద్ద చిల్లు పడేది తరచూ ఆ మోత వల్ల కాదు, దానికి కారణం తేల్చకముందే ఇంజిన్ విప్పడం వల్ల.

విజయవాడలో మా బావమరిది పదేళ్ల నాటి డీజిల్ కారు కొన్నాడు. పొద్దున స్టార్ట్ చేయగానే టకటకమని గట్టి చప్పుడు. వేడెక్కాక తగ్గిపోయేది. ఫ్లైఓవర్ ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కితే మళ్లీ వచ్చేది. ఒక షెడ్డులో ‘టాపెట్ సౌండ్ సార్, హెడ్డు దించాలి’ అన్నారు. ఇంకోచోట ‘నాకింగ్ అండీ, బేరింగులు పోయాయి, ఇంజిన్ దించాల్సిందే’ అని అర లక్ష దాటిన అంచనా చేతిలో పెట్టారు. రెండుచోట్లా బానెట్ ఎత్తి, రెండుసార్లు రేస్ చేసి, అక్కడికక్కడే తేల్చేశారు. చివరికి ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాడు. ఆయన బానెట్ ఎత్తలేదు. ‘బండి ఇక్కడ పెట్టి వెళ్లు బాబూ, రేప్పొద్దున చల్లగా ఉన్నప్పుడు వింటా’ అన్నాడు.

మర్నాడు ఆయన చేసిన పరీక్షలు ఏ కారు యజమానైనా నేర్చుకోదగ్గవి. చప్పుడు ఇంజిన్ వేగాన్ని పట్టి పెరుగుతోందా, చక్రాల వేగాన్ని పట్టా? బండిని న్యూట్రల్‌లో నిలబెట్టి రేస్ చేస్తే తెలిసిపోతుంది. నిలబడ్డ బండిలో రాకుండా, రోడ్డు మీద వేగంతోపాటు హోరుమని పెరిగితే అది వీల్ బేరింగో టైరో అయి ఉంటుంది, ఇంజిన్ జోలికి వెళ్లక్కర్లేదు. క్లచ్ తొక్కగానే మోత పుడితే రిలీజ్ బేరింగ్‌ను, తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్స్ బేరింగ్‌ను అనుమానించాలి. ఏసీ వేసినప్పుడే వస్తే కంప్రెసర్ వైపు చూడాలి.

ఆ తర్వాత బెల్టు. ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్, టెన్షనర్ పుల్లీ, చాలా బళ్లలో వాటర్ పంపు కూడా ముందున్న బెల్టు మీదే తిరుగుతాయి. వీటిలో ఏ చిన్న బేరింగ్ అరిగినా ఇంజిన్ లోపల ఏదో విరిగినంత మోత వస్తుంది. ఆ బెల్టు తీసి, చల్లగా ఉన్న ఇంజిన్‌ను అర నిమిషం నడిపి వింటే చాలు. మోత ఆగిందంటే జబ్బు బయటి సామానుదే. వాటర్ పంపు తిరగదు కాబట్టి అంతకు మించి నడపకూడదు. బెల్టు తీయడం, వేయడం ఇంజిన్ ఆపి, మెకానిక్ చేతిమీదుగానే చేయించాలి. కొన్ని ఇంజిన్లకు లోపలి టైమింగ్ కూడా బెల్టుతోనే నడుస్తుంది. ఈ పరీక్ష కోసం దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు.

మా వాడి బండిలో బెల్టు తీసినా టకటక ఆగలేదు. జబ్బు ఇంజిన్‌దే. అయితే మొదట చెప్పిన రెండు కారణాలూ నిలబడతాయా?

టాపెట్ చప్పుడు సన్నగా, పైనుంచి, కుట్టుమిషన్ నడిచినట్టు వినిపిస్తుంది. టాపెట్లను కదిపే క్యామ్‌షాఫ్ట్ తిరిగేది క్రాంక్‌షాఫ్ట్ వేగంలో సగమే. స్లోలో ఇంజిన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వ్ 400 సార్లే తెరుచుకుంటుంది. అలవాటుపడిన చెవి ఈ తేడాను పట్టుకుంటుంది. ఎత్తు ఎక్కినంత మాత్రాన ఈ చప్పుడు ప్రత్యేకంగా పెరగదు. మా వాడి బండి మోత ఫ్లైఓవర్ మీద పెరుగుతోంది. కాబట్టి టాపెట్ కాదు.

కనెక్టింగ్ రాడ్ బేరింగ్ అరిగితే వచ్చే నాకింగ్ వేరు. అది కింది నుంచి, బరువుగా, దబదబమంటుంది. బండి మీద లోడు పడితే పెరుగుతుంది, నిజమే. కానీ వేడెక్కేకొద్దీ ఆయిల్ పల్చబడి బేరింగ్‌లో పొర నిలవదు కనుక వేడి ఇంజిన్‌లో అది ఇంకా ఎక్కువవుతుంది. ఇక్కడ వేడెక్కితే తగ్గుతోంది. అరిగిన పిస్టన్ సిలిండర్ గోడకు కొట్టుకునే చప్పుడైతే చల్లగా ఉన్నప్పుడు వచ్చి వేడికి తగ్గుతుంది కానీ, అప్పుడప్పుడూ కారు లోపలికి వస్తున్న పొగ వాసనకు అది సమాధానం చెప్పదు. ఆ వాసన మాట మా వాడు ముందు రెండు చోట్లా చెప్పనే లేదు. ఎవరూ అడగలేదు కూడా.

చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ, లోడు పడితే ఎక్కువ, పైగా పొగ వాసన. ఈ మూడూ కలిస్తే లోపల ఇనుము ఇనుముతో కొట్టుకోవడం కంటే, మండిన గ్యాస్ ఎక్కడో సందు చూసుకుని బయటికి తన్నడానికే అవకాశం ఎక్కువ. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గరైనా కావాలి, ఇంజెక్టర్ అడుగునైనా కావాలి. పెద్దాయన పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్ మీద ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని ఒక్కో సిలిండర్ విన్నాడు. ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్ పీకి పెట్టి చూస్తే మూడోదాని దగ్గర చప్పుడు బాగా తగ్గింది. ఈ పరీక్ష సిలిండర్‌ను చూపిస్తుందే తప్ప కారణాన్ని చూపించదు. రాడ్ బేరింగ్ పోయినా అలాగే తగ్గుతుంది. అందుకే ఆయన అక్కడ ఆగలేదు. ఆ ఇంజెక్టర్ మొదట్లో సబ్బునీళ్లు పోశాడు. బుడగలు ఎగిశాయి. చుట్టూ తారులాంటి నల్లటి మడ్డి పేరుకుని ఉంది.

ఇంజెక్టర్ అడుగున ఉండే రాగి వాషర్ గ్యాస్‌ను పట్టి ఉంచలేకపోతోంది. వాషర్ ఖరీదు వందల్లో కూడా ఉండదు. ఇంజెక్టర్ జాగ్రత్తగా ఊడదీసి, అది కూర్చునే చోటును కట్టర్‌తో శుభ్రం చేసి, కొత్త వాషర్ వేసి బిగించాడు. ఇదే మరో ఏడాది వదిలేసి ఉంటే మడ్డి గట్టిపడి ఇంజెక్టర్ ఊడిరాకుండా విరిగే ప్రమాదం ఉండేది. అప్పుడు నిజంగానే హెడ్డు దించాల్సి వచ్చేది.

అన్ని కథలూ ఇంత చవగ్గా ముగియవు. టైమింగ్ చెయిన్ ఉన్న ఇంజిన్ చల్లగా స్టార్టయినప్పుడు రెండు మూడు సెకన్లు గరగరమని ఆగిపోతే చెయిన్ టెన్షనర్‌ను చూపించాలి. అది ఆయిల్ ఒత్తిడితోనే బిగుస్తుంది. ఫియట్ రూపొందించిన 1.3 లీటర్ల మల్టీజెట్ డీజిల్ మన దేశంలో స్విఫ్ట్, డిజైర్, ఇండికా విస్టా, పుంటో లాంటి ఎన్నో కార్లలో వచ్చింది. దానిలోనూ చెయినే ఉంటుంది. ఇలాంటి బళ్లు పాత కార్ల మార్కెట్లో ఇప్పటికీ తిరుగుతున్నాయి కనుక ఈ మాట గుర్తుంచుకోవాలి. అయితే చెయిన్ విప్పించే ముందు ఆయిల్ ఫిల్టర్ మార్చి చూడండి. నాసిరకం ఫిల్టర్ రాత్రిపూట ఆయిల్‌ను కిందికి జారనిస్తే, పొద్దున పైదాకా చేరేలోపు అదే గరగర వస్తుంది.

మనవాళ్లు మరీ భయపడాల్సింది వరద నీళ్లలో మునిగిన బళ్లకు. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగాయి. అలాంటి నీళ్లలో ఇంజిన్ నడుస్తుండగా సిలిండర్‌లోకి నీరు పోతే పిస్టన్ దాన్ని గాలిలా నొక్కలేదు. కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. డీజిల్ ఇంజిన్‌లో పిస్టన్ పైకి చేరాక మిగిలే చోటు పెట్రోల్ దానికంటే తక్కువ కాబట్టి కొద్దిపాటి నీరు చాలు. కొద్దిగా వంగిన రాడ్‌తో బండి నడుస్తుంది కూడా. నెలల తర్వాత మోత మొదలవుతుంది. కంప్రెషన్ టెస్ట్ చేయిస్తే ఆ ఒక్క సిలిండర్ తక్కువ చూపిస్తుంది. కొనే ముందే సీటు బెల్టును చివరిదాకా లాగి బురద మరక ఉందేమో చూడండి, కాలికింది కార్పెట్ ఎత్తి చూడండి, సీటు పట్టాల తుప్పు చూడండి.

షెడ్డుల్లో స్కానర్లు వచ్చాక వినే ఓపిక తగ్గిందని నా అభిప్రాయం. స్కానర్ అవసరమే. ఏ సిలిండర్‌కు డీజిల్ ఎంత హెచ్చుతగ్గులతో అందుతోందో అది చూపించగలదు. కానీ అరిగిన పుల్లీకీ, కారుతున్న మానిఫోల్డ్‌కూ తరచూ ఏ కోడూ రాదు. స్కానర్ తప్పేమీ లేదంటే సరిపెట్టుకోవద్దు.

కొన్న వారంలో మోత వినిపిస్తే తెల్లవారగానే, ఇంజిన్ చల్లగా ఉండగా, ఫోన్‌లో వీడియో తీయండి. ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు ఆగుతోంది, ఏ వాసన వస్తోంది, ఒక కాగితం మీద రాసుకుని మెకానిక్‌కు ఇవ్వండి. ఇంజిన్ దించాలంటే ఎందుకో చూపించమని అడగండి. ఏ పరీక్షలో తేలిందో చెప్పలేని చోట బండి వదలకండి. ఒక్క విషయంలో మాత్రం ఎవరినీ అడగాల్సిన పనిలేదు: దబదబమనే చప్పుడుతో పాటు ఎర్రటి ఆయిల్ లైటు వెలిగితే అక్కడికక్కడే ఇంజిన్ ఆపేయండి, షెడ్డుకు నడిపి తీసుకెళ్లకుండా టోయింగ్ బండిని పిలిపించండి.