నలుపు తెలుపు ఫొటోకి... రంగుదారం!

గుడ్డ మీద కుట్టడం మనకు కొత్తేం కాదు. దిండు గలీబుల మీద గులాబీలు, టేబుల్‌క్లాత్ అంచున చిలకలు... సెలవుల్లో ఏదో ఒకటి కుట్టని ఇల్లు అరుదు. మరి ఫొటో మీద? సూదితో ఫొటోని పొడవడమేంటి అని ముఖం చిట్లించకండి. అమ్మమ్మ పెళ్లిఫొటోలో చీర అంచు మెంతిరంగు దారంతో మెరుస్తుంటే, జడలో మల్లెలు వేలికి తగులుతుంటే ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి. అదే ఫొటో ఎంబ్రాయిడరీ. ఓ ప్రింటు, ఓ సూది, రెండు మూడు రంగుల దారం, తీరికైన ఓ మధ్యాహ్నం ఉంటే మొదలుపెట్టొచ్చు.

ఈ ముచ్చట మనవాళ్లకి ఎప్పటినుంచో ఉంది. రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టి దేవతల బొమ్మలు అచ్చువేయించాక లక్ష్మీ సరస్వతులు సామాన్యుల గోడలమీదికీ వచ్చేశారు. వాటిలో కొన్నింటికి చీరల మీద జరీ, చమ్కీలు, గుడ్డముక్కలు పెట్టి ముస్తాబు చేసేవారు. అలాంటి పటాలు ఇప్పటికీ సేకర్తల దగ్గర కనిపిస్తాయి. కాగితం మీది అమ్మవారికి నిజం చీర కట్టారన్నమాట!

విదేశాల్లో ఇది పెద్ద కళే అయింది. ఇటలీలో పుట్టి లండన్‌లో స్థిరపడ్డ మౌరిజియో అంజేరి పాతసామాన్ల సంతల్లో దొరికే ఎవరెవరివో ఫొటోలు కొని, ముఖాల మీద దారాలతో ముసుగుల్లాంటి ఆకారాలు అల్లుతాడు. చూడ్డానికి గమ్మత్తుగా, కొంచెం భయంగా కూడా ఉంటాయి. మన ఇంటి పెద్దల ఫొటోలకు మాత్రం ఆ పద్ధతి వద్దు. తాతయ్య కళ్లమీద సూది దించితే నాయనమ్మ ఊరుకుంటుందా?

మనసుని తాకేది ఐవరీకోస్ట్ ఫొటోగ్రాఫర్ జొవానా షుమాలీ పని. 2016 మార్చి 13న ఆ దేశంలోని గ్రాండ్ బస్సామ్ అనే సముద్రతీర పట్టణం మీద ఉగ్రవాదులు దాడి చేశారు. కొన్ని వారాల తర్వాత ఆమె అక్కడికి వెళ్లి, ఒంటరిగా నడుస్తున్న, ఊరికే కూర్చున్న మనుషుల్ని ఫోన్‌తో ఫొటోలు తీసింది. వాటిని కాన్వాస్ మీద ప్రింటు వేయించుకుని, రంగుదారాలతో నిదానంగా కుట్టుకుంటూ పోయింది. ‘సా వా ఆలే’ అని పేరు పెట్టింది. అంటే ‘అంతా సర్దుకుంటుంది’ అని. ఆ కుట్టుపనికే 2019లో ఆమెకు ప్రి పిక్తే అవార్డు వచ్చింది. ఆఫ్రికా ఖండం నుంచి ఆ అవార్డు అందుకున్న మొదటి వ్యక్తి ఆమే.

చండీగఢ్‌లో పుట్టిన స్పందితా మాలిక్ ఇంకో దారి పట్టింది. ఇంట్లో హింసని భరించిన మహిళల్ని ఫొటోలు తీసి, గుడ్డ మీద ముద్రించి, ఆ గుడ్డని వాళ్ల చేతికే ఇచ్చింది. లక్నో, జైపూర్, పంజాబ్ ప్రాంతాల మహిళలు తమకొచ్చిన కుట్టుతో తమ బొమ్మని తామే తీర్చుకున్నారు. ఎక్కడ కుట్టాలో, ఏది వదిలేయాలో వాళ్ల ఇష్టమే.

ఆ రంగు ఎవరికి గుర్తుంది?

ఇక మన ఇంటి ఆల్బమ్ తెరుద్దాం. పాత ఫొటోలన్నీ నలుపు తెలుపే కదా. చీర ముదురుగా కనిపిస్తోంది కాబట్టి నలుపో, నీలమో అనుకుంటే పొరపాటే. పాతరకం ఫిల్ములకు ఎరుపు సరిగా అందేది కాదు. ఎర్రచీర కూడా దాదాపు నల్లగానే పడేది. అంటే దారం రంగు ఫొటోని చూసి తేల్చలేం. మనుషుల్ని అడగాలి.

అందుకే సూదిలో దారం ఎక్కించేముందు ఫొటో తీసుకెళ్లి అమ్మమ్మ పక్కన కూర్చోండి. ‘వంగపండు రంగే, అంచు చిలకపచ్చ’ అని ఆమె అనొచ్చు. పక్కనుంచి పెద్దమ్మ ‘కాదే, నెమలికంఠం’ అనొచ్చు. ఆ చీర ఎక్కడ కొన్నారో, ఎవరు పెట్టారో, చివరికి ఏ పాపాయి ఉయ్యాలైందో... అన్నీ బయటికొస్తాయి. నన్నడిగితే ఈ హాబీలో అసలు లాభం ఇదే. ఇంట్లో ఆ రంగుని కళ్లారా చూసినవాళ్లు ఎందరు మిగిలారో లెక్కేసుకుంటే, దీన్ని వచ్చే వేసవికి వాయిదా వేయాలనిపించదు. చెప్పేవాళ్లే లేరా? చీర జోలికి పోకండి. పూలు కుట్టండి. మల్లె తెలుపనీ, కనకాంబరం నారింజ రంగనీ ఎవర్నీ అడగక్కర్లేదు!

ముందు చిల్లు, తర్వాతే దారం

ఒక్క నియమం గట్టిగా పట్టుకోండి. అసలు ఫొటో మీద ఎప్పుడూ కుట్టొద్దు. గుడ్డ మీద తప్పుకుట్టు విప్పేస్తే జాడ ఉండదు, కాగితానికి పడ్డ చిల్లు పూడదు. ఫొటోని 600 డీపీఐలో స్కాన్ చేయించి, మెరుపులేని మందపాటి మ్యాట్ కాగితం మీద ప్రింటు తీయించండి. 250 నుంచి 300 జీఎస్‌ఎం అయితే బాగుంటుంది. రెండు కాపీలు తీయిస్తే ఒకటి చెయ్యి తిరగడానికి పనికొస్తుంది.

కుట్టాల్సిన గీతని ట్రేసింగ్ పేపర్ మీద గీసుకుని ఫొటో మీద పరవండి. కింద థర్మోకోల్ ముక్క పెట్టి, సన్నసూదితో గీత వెంట చిల్లులు పొడవండి. చిల్లుకీ చిల్లుకీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం తప్పనిసరి. మరీ దగ్గరైతే తపాలాబిళ్ల అంచులా అక్కడే చిరుగుతుంది. అందుకే గుడ్డ మీదలా దగ్గరదగ్గరగా నింపే కుట్టు ఇక్కడ పనికిరాదు. వెనక కుట్టు, పొడుగాటి తిన్నని కుట్లు చాలు.

ఎంబ్రాయిడరీ దారం లచ్ఛలో ఆరు పోగులుంటాయి. రెండు పోగులే విడదీసి వాడండి. దారం చివర ముడి వేస్తే వెనక ఉబ్బెత్తుగా ఉంటుంది, లాగితే చిల్లులోంచి జారిపోతుంది కూడా. బదులుగా వెనకవైపు చిన్న టేపుముక్కతో అతికించండి. దారాన్ని పక్కకి గుంజకుండా నిటారుగా లాగాలి. మల్లెలకు ముడికుట్టుని మించింది లేదు. సూదికి దారం రెండు చుట్లు చుట్టి, పక్కనే ఉన్న చిల్లులోంచి దించితే తెల్లటి మొగ్గ తయారు. దీనికి చిల్లు సన్నగా ఉండాలి, లేదంటే మొగ్గ కూడా వెనక్కి వెళ్లిపోతుంది!

ఎంత కుట్టాలన్నదే కష్టమైన ప్రశ్న. చెయ్యి కుదిరాక నగలు, పందిరి, తోరణం అన్నీ కుట్టేయాలనిపిస్తుంది. అంచూ పూలూ అయ్యాక ఓ రోజు పక్కన పెట్టి చూడండి. ముఖం మీదికి చూపు వెళ్లకుండా దారాలే లాగేస్తుంటే మోతాదు మించినట్టే.

ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం దారానికి ఆనకుండా మధ్యలో మౌంటు బోర్డు పెట్టమనండి. ఎండ పడే గోడకి తగిలిస్తే దారం వెలిసిపోతుంది. వెనక అట్ట మూసేముందు ఓ కాగితం మీద పెన్సిల్‌తో ఫొటో ఏ సంవత్సరానిదో, అందులో ఎవరెవరున్నారో రాసి లోపల పెట్టండి. చీర రంగు ఎవరు చెప్పారో కూడా.