నాలుగు గిన్నెల పళ్లెం

ఆవు మేత తింటుంది, నెమరు వేస్తుంది. పొదుగు మెత్తగానే ఉంటుంది, పాలు తెల్లగానే పడతాయి. అయినా నాలుగు చన్నుల్లో ఒకదాంట్లో రోగం ఉండొచ్చు. పొదుగు ఎర్రబడి గట్టిపడినా, పాలల్లో తరకలో నెత్తురో కనిపించినా రైతు ఆ పూటే డాక్టరును పిలుస్తాడు. పైకి కనిపించని పొదుగువాపు అలా పట్టుబడదు. పశువైద్యులు దాన్ని సబ్‌క్లినికల్ మాస్టైటిస్ అంటారు. పాలు కొద్దికొద్దిగా తగ్గుతుంటే మేత చాలడం లేదనో, ఎండలు ముదిరాయనో అనుకుంటాం. ఈలోగా పితికే చేతుల వెంట రోగం పక్క పశువుకు చేరుతుంది.

కంటికి కనిపించకపోయినా పాలల్లో దాని జాడ ఉంటుంది. పొదుగులోకి సూక్ష్మజీవులు చొరబడగానే వాటితో పోరాడటానికి నెత్తురులోని తెల్లకణాలు పాలలోకి దిగుతాయి. ఆరోగ్యంగా ఉన్న చన్ను పాలల్లో మిల్లీలీటరుకు సాధారణంగా లక్ష లోపే కణాలుంటాయి. 2 లక్షలు దాటితే అనుమానించాల్సిందే. రోగం ముదిరితే లెక్క 50 లక్షలు కూడా దాటుతుంది. వీటిని సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టాలంటే ప్రయోగశాల కావాలి. కొట్టంలో చేసే పాత పరీక్ష ఒకటుంది: మొదటి ధారలను నల్లగుడ్డ మీదకో నల్లపళ్లెంలోకో పితికి తరకలు చూడటం. తరకలు వచ్చాయంటే రోగం బయటపడినట్టే కాబట్టి, దాగి ఉన్నదాన్ని పట్టడానికి అది పనికిరాదు.

1939లో వైట్‌సైడ్ అనే శాస్త్రవేత్త ఒక దారి చూపించాడు. గాజుపలక మీద కొన్ని చుక్కల పాలు వేసి, కాస్టిక్ సోడా ద్రావణం కలిపి పుల్లతో తిప్పితే, రోగమున్న పాలు బంకబంకగా పలుకులు కట్టాయి. అయితే కాస్టిక్ సోడా చర్మాన్ని కాల్చే పదార్థం. కొట్టంలో పశువు కాళ్ల దగ్గర కూర్చుని చేయదగిన పని కాదది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో ఆస్కార్ షామ్, డానియెల్ నూర్లాండర్ అనే ఇద్దరు కాస్టిక్ సోడా స్థానంలో డిటర్జెంట్‌ను వాడారు. షామ్ పశువుల నెత్తురు కణాల మీద పట్టున్న మనిషి. 1961లో ఆ విషయం మీద ఆయన వెలువరించిన గ్రంథం తర్వాతి కూర్పుల్లోనూ ఆయన పేరుతోనే నిలిచింది. 1957లో ఇద్దరూ కలిసి ప్రకటించిన పద్ధతికి కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్ అని పేరు. పాడి లోకంలో అందరూ సీఎంటీ అంటారు.

పరికరమంతా ఒక పిడి ఉన్న ప్లాస్టిక్ పళ్లెం, దాని మీద నాలుగు లోతులేని గిన్నెలు. మొదటి ధారలు వదిలేసి ఒక్కో చన్ను నుంచి ఒక్కో గిన్నెలోకి పితకాలి. పళ్లెం వంచి ఎక్కువైన పాలు ఒంపేస్తే, ఒక్కోదాంట్లో 2 మిల్లీలీటర్లు మిగులుతాయి. అంతే కొలత డిటర్జెంట్ ద్రావణం పోసి పళ్లేన్ని గుండ్రంగా తిప్పాలి. మంచి పాలు నీళ్లలా పారుతూనే ఉంటాయి. కణాలు పెరిగిన గిన్నెలో పది, ఇరవై సెకన్లలో చిక్కదనం వస్తుంది. బాగా ఎక్కువుంటే ముద్దకట్టి మధ్యకు చేరి, తిప్పేకొద్దీ గుబ్బలా పైకి లేస్తుంది. ద్రావణంలో కలిపిన బ్రోమోక్రెసాల్ పర్పుల్ అనే రంగు, పాల క్షారగుణం పెరిగేకొద్దీ ముదురు ఊదాగా మారుతుంది. ఫలితం వెంటనే చూడాలి. ఆలస్యమైతే సన్నటి చిక్కదనం కరిగిపోతుంది.

నాలుగు గిన్నెలు పెట్టడమే ఈ పరీక్షలో అసలు తెలివి అని నా అభిప్రాయం. ఒక చన్నులోని చెడ్డపాలు మిగిలిన మూడింటి పాలల్లో కలిస్తే పలచబడి తప్పించుకుంటాయి. పది ఇళ్ల పాలు కలిసిన క్యానులో ఇక చెప్పేదేముంది!

చిక్కదనం ఎక్కడిదో రుజువు కావడానికి మరో ఐదేళ్లు పట్టింది. డిటర్జెంట్ కణాల పొరను చీల్చగానే లోపలి డీఎన్ఏ పొడవాటి పోగులుగా బయటపడి అల్లుకుంటుంది. డీఎన్ఏను ముక్కలు చేసే ఎంజైమును ముందే కలిపితే చిక్కదనం రాదని 1962లో కారల్, షామ్ చూపించారు.

దీనికి పరిమితులున్నాయి. ఏ సూక్ష్మజీవి చేరిందో ఇది చెప్పదు. ఈనిన కొత్తలో జున్నుపాలకూ, వట్టిపోయే ముందు పాలకూ రోగం లేకపోయినా చిక్కదనం రావచ్చు. ఆ తర్వాత విద్యుత్తుతో, మెరిసే రంగులతో కణాలను లెక్కించే యంత్రాలు వచ్చాయి. ఐరోపా సమాఖ్య పచ్చిపాలకు మిల్లీలీటరుకు 4 లక్షల కణాలు హద్దుగా పెట్టింది. అయినా కొట్టంలో ఫలానా చన్ను అని వేలు పెట్టి చూపడానికి ఈ పళ్లెమే నేటికీ అక్కరకొస్తోంది. గేదెలకూ పనికొస్తుంది. పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్ పశువైద్యులు మరింత చవక చేసి, బట్టలుతికే సర్ఫ్ పొడిని నీళ్లలో 3 శాతం కలిపి వాడొచ్చని చూపించారు.

మన ఊళ్లలో పాలకేంద్రం వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాల శాతం) చూసి ధర కడుతుంది. పొదుగువాపుతో పాలల్లో లాక్టోజ్ పడిపోతుంది, దాంతో ఎస్ఎన్ఎఫ్ కూడా. ధర తగ్గినట్టు చీటీలో తెలుస్తుంది, ఎందుకు తగ్గిందో తెలియదు. కేంద్రానికి ఒక పళ్లెం, ఒక సీసా ద్రావణం ఉంచి, పాలు పోసేవాళ్ల పశువులన్నిటినీ నెలకోసారి చూడటం పెద్ద ఖర్చు కాదు. పాల సంఘాలు ఈ పని వెంటనే మొదలుపెట్టాలి.

పాడి ఉన్న మీరు కూడా ఈ పరీక్ష చేయమని అడగండి. చిక్కదనం చూపిన పశువును చివర్న పితకండి. పితికాక చన్నులను మందుద్రావణంలో ముంచండి, అరగంట పడుకోనివ్వకండి. డాక్టరును అడగకుండా యాంటీబయాటిక్ ట్యూబులు ఎక్కించకండి. ఎక్కిస్తే, డాక్టరు చెప్పిన గడువు తీరేదాకా ఆ పాలు కేంద్రానికి పోయకండి.