గుండె దడ ఎందుకు?

ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు బస్సులో సుమారు 40 కిలోమీటర్లు. అక్కడ వక్తృత్వపు పోటీలో మీరు మొట్టమొదటిసారి మాట్లాడబోతున్నారనుకోండి. శిరివెళ్ళ దాటేసరికే గుండె దడదడలాడుతుంది. అరచేతులు చెమర్చుతాయి. నోరు ఎండుతుంది. దిగి వెనక్కి పోదామా అనిపిస్తుంది.

ఇందులో మీ తప్పేమీ లేదు. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు రక్తంలోకి అడ్రినలిన్ వదిలాయన్నమాట. దాంతో గుండె వేగం హెచ్చుతుంది. జీర్ణకోశానికి పోవలసిన రక్తం కండరాలకు మళ్ళుతుంది. కడుపులో తిప్పినట్లుండేది అందుకే. పోరాడడానికో, పారిపోవడానికో శరీరం చేసుకునే ఏర్పాటిది అని అమెరికన్ శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1915లో వివరించాడు. పులి ఎదురైనా, మైకు ఎదురైనా శరీరానికి ఒకటే!

ఆళ్ళగడ్డ రాతి శిల్పాలకు పేరుపడ్డ ఊరు కదా. అక్కడి శిల్పి ఒకాయన తన బిడ్డతో, "రాయి మీద తొలి దెబ్బ పడేదాకే చెయ్యి వణికేది నాయనా, పోయి నిలబడు" అన్నాడనుకోండి. అది ఉత్త ఊరడింపు కాదు. ఉపన్యాసకుల గుండె వేగాన్ని కొలిచి చూస్తే, మాట్లాడడం మొదలుపెట్టే సమయంలోనే అది ఎక్కువగా ఉండి, తర్వాత తగ్గుతూ వస్తుంది. మధ్యలో బస్సు దిగిపోయినవాడికి ఈ తగ్గుదల ఎన్నటికీ తెలియదు. మరుసటి ఏడు కూడా అదే దడ!

ఇంకో తమాషా. 2014లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు వెల్లడించిన ప్రయోగాల్లో, "నేను ప్రశాంతంగా ఉన్నాను" అనుకున్నవారికంటే "నాకు ఉత్సాహంగా ఉంది" అనుకున్నవారే బాగా మాట్లాడారు.

మీ పేరు పిలిచేదాకా, పీల్చినదానికంటే ఎక్కువసేపు ఊపిరి వదలండి. వేగస్ నాడి గుండెకు కాస్త పగ్గం వేస్తుంది. ఉపన్యాసం రాసుకున్న కాగితం జేబులో ఉందో లేదో మాత్రం బస్సెక్కకముందే చూసుకోండి!