టీచరమ్మ చెబితే వింటాడు, మేము చెబితే వినడెందుకు?



ఆటిజం గాని, మేధో వైకల్యం గాని ఉన్న పిల్లలను శిక్షణకు తీసుకువచ్చే తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇక్కడ గ్లాసు చూపించి నీళ్ళు అడుగుతాడు. ఇంటికి వెళ్ళాక మళ్ళీ ఏడుపే. టీచరమ్మ చెబితే వింటాడు, మేము చెబితే వినడు. ఎందుకండీ?"

ఈ ప్రశ్న వెనుక చాలా బాధ ఉంటుంది. చుట్టాలు బిడ్డను మొండివాడంటారు. తల్లి గారాబం చేసి పాడుచేసిందంటారు. చాలాసార్లు ఈ రెండు మాటలూ నిజం కావు. బిడ్డ నీళ్ళు అడగడం నేర్చుకున్నాడు. కాని ఎప్పుడు, ఎవరిని, ఎక్కడ అడగాలో ఒక్క చోటే నేర్చుకున్నాడు. దీనిని అర్థం చేసుకోవడానికి ప్రవర్తనా శాస్త్రంలో 'ఉద్దీపన నియంత్రణ' అనే విషయం తెలుసుకోవాలి. పేరు పెద్దదే గాని, సంగతి మన ఇంట్లో రోజూ జరిగేదే.

సంకేతం – పని – ఫలితం

కుక్కర్ మూడో విజిల్ వేయగానే వంటింట్లోకి వెళ్ళి స్టవ్ ఆపుతాం. ఆదివారం ఉదయం గుడి గంట వినగానే బైబిలు చేతపట్టుకుని బయలుదేరుతాం. విజిల్‌గాని, గంటగాని మన చెయ్యి పట్టి లాగవు. "ఇప్పుడు ఈ పని చేస్తే ఫలితం ఉంటుంది" అని తెలియజేస్తాయి, అంతే. అలా తెలిపే సంకేతాన్నే ఉద్దీపన అంటారు. పని చేసిన తరువాత మంచి ఫలితం వస్తే, అదే సంకేతం కనబడినప్పుడు ఆ పని మళ్ళీ చేస్తాం. ఆ ఫలితాన్ని పునర్బలనం అంటారు.

అమెరికా శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ 1938లో ప్రచురించిన గ్రంథంలో ఎలుకలపై చేసిన ప్రయోగాలను వివరించాడు. దీపం వెలుగుతున్నప్పుడు మీట నొక్కితేనే ఆహారం వచ్చేలా చేస్తే, కొంతకాలానికి ఎలుక దీపం వెలిగినప్పుడే ఎక్కువగా నొక్కుతుంది, ఆరినప్పుడు చాలావరకు మానేస్తుంది. ఇలాంటి సూత్రాలను మనుషుల నిత్యజీవితంలోని సమస్యలకు ఉపయోగించే శాస్త్రమే అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్. 1968లో దీనికి ప్రత్యేకంగా ఒక పరిశోధన పత్రిక కూడా మొదలైంది.

మన ఇంట్లో మనమే సంకేతాలం

బిడ్డ ఏడిస్తే నాయనమ్మ బిస్కట్ ఇస్తుంది, అమ్మ ఇవ్వదు అనుకోండి. కొద్ది రోజులకు బిడ్డ నాయనమ్మ కనబడగానే ఏడుపు మొదలుపెడతాడు. అది జిత్తులమారితనం కాదు. నాయనమ్మ బిడ్డకు వెలుగుతున్న దీపం, అమ్మ ఆరిన దీపం. వాడు లెక్క సరిగ్గానే నేర్చుకున్నాడు.

నాయనమ్మను తప్పుపట్టనవసరం లేదు. ఇంట్లో అందరూ కూర్చుని ఒక మాట అనుకోవాలి: ఏడ్చినప్పుడు కాదు, చేయి చాపి అడిగినప్పుడు వెంటనే ఇవ్వాలి. అడిగే పద్ధతి ముందుగా నేర్పకుండా ఏడుపుకు ఇవ్వడం మాత్రం మానేస్తే బిడ్డకు దారి లేకుండా పోతుంది. మరో సంగతి, మొదటి కొద్ది రోజులు ఏడుపు తగ్గకపోగా పెరగవచ్చు. మూడో రోజున ఎవరో ఒకరు జాలిపడి ఇచ్చేస్తే, ఇంకా ఎక్కువసేపు ఏడిస్తే ఇస్తారని బిడ్డ నేర్చుకుంటాడు.

మాట ఒక్కసారే చెప్పండి

"కూర్చో, కూర్చో, కూర్చోరా" అని పదిసార్లు చెప్పి, చివరకు గొంతు పెంచి కూర్చోబెడుతుంటాం. అప్పుడు బిడ్డకు 'కూర్చో' అనే మాట సంకేతం కాదు, మన కోపపు గొంతు సంకేతమవుతుంది. ఒక్కసారి చెప్పి, మనసులో అయిదు లెక్కపెట్టండి. చేయకపోతే నెమ్మదిగా సాయం చేసి కూర్చోబెట్టి, మెచ్చుకోండి.

తెలియకుండా మనమిచ్చే సంకేతాలు

వంద సంవత్సరాలకు పూర్వం జర్మనీలోని బెర్లిన్ నగరంలో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని ప్రసిద్ధి. జవాబు ఎంతో అన్నిసార్లు కాలి గిట్టతో నేలను తట్టేది. ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు పరీక్షించి 1907లో అసలు సంగతి ప్రకటించాడు. సరైన సంఖ్య రాగానే ప్రశ్న అడిగినవారి తల తమకు తెలియకుండానే కొంచెం కదిలేది. గుర్రం ఆ కదలికను చూసి ఆగేది. అడిగినవారికే జవాబు తెలియనప్పుడు గుర్రం తప్పేది. అక్కడ ఎవరూ మోసం చేయలేదు. సంకేతం ఏమిటో ఎవరికీ తెలియలేదు, అంతే.

మనమూ ఇలాగే చేస్తుంటాం. "గ్లాసు ఏది?" అని అడిగి గ్లాసు వైపే చూస్తాం. బిడ్డ మన చూపును పట్టుకుని గ్లాసు తీస్తాడు గాని, మాట నేర్చుకోడు. కాబట్టి అప్పుడప్పుడు వస్తువుల స్థానం మార్చి, బిడ్డ ముఖం వైపే చూస్తూ అడగండి.

నేర్పేటప్పుడు సాయం చేయడం తప్పు కాదు. ఆ సాయాన్ని క్రమంగా తగ్గించాలి. మొదట చేయి పట్టి చేయించండి. తరువాత మోచేయి తాకండి. ఆ తరువాత వేలితో చూపించండి. చివరకు ఏమీ చేయకుండా ఆగండి. సాయం తగ్గించకపోతే ఆ సాయమే సంకేతమైపోతుంది.

మరి ఇంట్లో ఎందుకు చేయడు?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. శిక్షణ గదిలో బిడ్డ నీలం గ్లాసు, చాప, టీచరమ్మ గొంతు, ఆమె వాడే మాట అన్నీ కలిపి ఒకే సంకేతంగా నేర్చుకున్నాడు. ఇంట్లో గ్లాసు స్టీలుది. టీచరమ్మ 'వాటర్' అంటుంది, ఇంట్లో 'మంచినీళ్ళు' అంటారు. బిడ్డకు ఇది కొత్త పరీక్షే. ఒకచోట నేర్చినది మరోచోట కూడా చేయడాన్ని సామాన్యీకరణం అంటారు. అది దానంతటదే వస్తుందని ఎదురుచూడకూడదని, దానిని కూడా పనిగట్టుకుని నేర్పాలని స్టోక్స్, బేర్ అనే పరిశోధకులు 1977లోనే వివరించారు.

ఇంటి దగ్గర ఇలా చేయండి:

1. ఇంట్లో వాడే గ్లాసునే శిక్షణకు తీసుకురండి. ఇంట్లో వాడే మాటనే టీచరమ్మను కూడా వాడమనండి.
2. శిక్షణ సమయంలో మీరూ పక్కన కూర్చోండి. చివరి కొద్ది నిమిషాలు మీరే అడిగించండి.
3. ఇంట్లో మొదట ఒక్క చోట, ఒక్క సమయంలో మొదలుపెట్టండి. అక్కడ కుదిరాక వరండాలో, పెరట్లో, చుట్టాల ఇంట్లో చేయించండి.
4. అమ్మ దగ్గర అడగడం వచ్చాక నాన్న, అక్క, తాతయ్య వంతులవారీగా అడిగించండి.
5. అడిగిన ప్రతిసారీ, మొదటి రోజుల్లో, వెంటనే నీళ్ళు ఇవ్వండి.

జాగ్రత్తలు

కొట్టి నేర్పకండి. కొట్టే మనిషి ఉన్నప్పుడు మాత్రమే బిడ్డ ఒదిగి ఉంటాడు. ఆ మనిషి ముఖమే భయానికి సంకేతమవుతుంది.

ప్రవర్తన ఉన్నట్టుండి మారితే మొండితనం అనుకోకండి. చెవిపోటు, పంటినొప్పి, మలబద్ధకం, ఫిట్స్ వంటివి ఉండవచ్చు. ముందుగా డాక్టరుకు చూపించండి. తనను తాను గాయపరచుకునే బిడ్డ విషయంలో సొంతంగా ప్రయత్నాలు చేయకుండా నిపుణులను కలవండి.

చేతులు ఆడించడం, ఊగడం వంటి హాని లేని అలవాట్లను బలవంతంగా మాన్పించవద్దు. బిడ్డ అందరిలా కనబడాలన్నది మన ఉద్దేశం కాదు. తన అవసరం తాను చెప్పుకోగలగాలి, క్షేమంగా ఉండాలి.

చివరగా ఒక మాట

అమ్మ దగ్గర మాత్రమే నీళ్ళు అడగగల బిడ్డ, అమ్మ జ్వరంతో మంచం పట్టిన రోజున దాహంతో ఉండిపోతాడు. ఇంటినిండా మనుషులున్నా వాడి దాహం ఎవరికీ తెలియదు. "మా తరువాత వీడిని ఎవరు చూస్తారు?" అని రాత్రిళ్ళు నిద్రపట్టని తల్లిదండ్రులు మనలో ఎందరో ఉన్నారు. ఆ ప్రశ్నకు ఒక్క రోజులో జవాబు దొరకదు. కాని ఈ వారం మీ బిడ్డ నాన్నను ఒక్కసారి, అక్కను ఒక్కసారి నీళ్ళు అడిగితే, జవాబు వైపు ఒక అడుగు పడినట్టే.

కాబట్టి ఈ వారం ఒక్క పని, ఒక్క సంకేతం ఎంచుకోండి. ఇంటిల్లిపాదీ ఒకే మాట మీద ఉండండి. సహనంతో మీరు చేసే ఈ చిన్న పనిని ప్రభువు దీవించును గాక.