మన పేరు, మన యోటు

ఎన్నికలనాఁడు మావారు పోలింగు పనిమీఁద పొరుగూరి కేఁగిరి. అత్తగారును మేమును ఎండ ముదరకమునుపే బడికిఁ బోయి స్త్రీల వరుసలో నిలిచితిమి. అధికారి జాబితా చూచి అత్తగారి పేరు బిగ్గరగాఁ జదివెను. ఇంటిలో వారిని బేరుపెట్టి పిలుచువారు లేరు. ఒకింత తడఁబడి, "నేనే, నాయనా" యనిరి.

సోదరీమణులారా! 1951-52 నాటి తొలి సార్వత్రికపు టెన్నికలకు, తమ పేరు చెప్పక ఫలానివారి భార్యలమనియో కూఁతుళ్లమనియో వ్రాయించుకొన్న స్త్రీలు, ముఖ్యముగా నుత్తరదేశమున, సుమారు 28 లక్షలమంది జాబితాలనుండి తొలఁగింపఁబడిరి. మొగమాటమున కెంత వెల!

ఎడమచేతి చూపుడువ్రేలికి సిరా పూసిరి. మీట నొక్కినపిదప అద్దము వెనుక చీటి యేడు సెకనులే కనఁబడును, కండ్లద్దములు మఱవకుఁడు. తోడు వత్తుమన్నను అత్తగారు వలదని యొంటిగానే లోనికిఁ బోయిరి. ఎవరికి వేసిరో మేమడుగలేదు, వారును జెప్పలేదు.